ఆధారం ఎవరి మీద



మన గోదావరి జిల్లాల్లో ఇద్దరు నడివయసు వాళ్ళు ఏ బస్టాండులోనో, ఏ పెళ్ళిపందిట్లోనో కలిశారనుకోండి. కుశలప్రశ్నలు అయ్యాక నాలుగో మాటగానో అయిదో మాటగానో ఒక నిట్టూర్పు వస్తుంది. "ఇంత చేశామండీ వాళ్ళకి, చివరికి చూడండి." ఆ చివరికి ఏమైందన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. రెండెకరాలు అమ్మి అమెరికా పంపిన కొడుకు పండక్కి వీడియో కాల్‌లో రెండు నిమిషాలు కనిపించి పెట్టేస్తాడు. తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకున్న అన్న, పంపకాల నాడు ఆ తమ్ముడి నోటివెంటే వినకూడని మాట వింటాడు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేసి పదేళ్ళు పంపిన డబ్బు ఏమైందో, తిరిగొచ్చిన ఇల్లాలికి ఎవరూ సరిగ్గా చెప్పరు. కౌలు రైతుకి ఈ ఏడు అప్పు ఇప్పిస్తానన్న పెద్దమనిషి నాట్లు పడే వేళకి ఫోన్ ఎత్తడు. వీటిలో ఏదీ చిన్న బాధ కాదు. వరదకి చేను మునిగితే ఏడుస్తాం, కానీ గోదారి మీద కక్ష పెట్టుకోం. నమ్మిన మనిషి మీద పెట్టుకుంటాం, అది ఏళ్ళు గడిచినా చల్లారదు.

"ఇంక దేవుడే దిక్కు" అంటాం అప్పుడు. సాధారణంగా అన్ని తలుపులూ మూసుకున్నాక, ఆఖరి మాటగా అంటాం. ఆ మాటని మొదటే అనుకుని, రేపటి బియ్యం దగ్గర్నుంచి దాని మీదే బతికి చూసిన రెండు కుటుంబాలు మన నరసాపురంలో ఉండేవి. ఈ వేళ వాళ్ళ సంగతి మీతో పంచుకుంటాను.

ఇంగ్లండులో డెవన్ అనే జిల్లా ఉంది. అందులో బార్న్‌స్టపుల్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో విలియం బౌడెన్ రాళ్ళు చెక్కి గోడలు కట్టే తాపీపనివాడు. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ యువకులు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. పెద్ద చదువులు లేవు, వెనక ఆస్తి లేదు. ఆ ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద రాబర్ట్ ఛాప్‌మన్. ఆయన లాయరు పని వదిలి, తన సొత్తు పంచిపెట్టి, బీదవాళ్ళ వీధిలో కాపురం ఉన్నాడు. ఆయన దగ్గర పెరిగిన విశ్వాసం వీళ్ళది. 1836లో ఈ రెండు జంటలూ ఓడెక్కి మద్రాసు చేరాయి. బందరులో ఉండి తెలుగు నేర్చుకున్నాయి. 1837 నాటికి నరసాపురం వచ్చి స్థిరపడ్డాయి. తర్వాత బౌడెన్ కుటుంబం పాలకొల్లుకు మారింది. గోదావరి డెల్టా మిషన్ అని మనవాళ్ళు ఇప్పటికీ పిలుచుకునేది వీళ్ళతో మొదలైనదే.

మిషనరీలు అంటే వెనక ఒక పెద్ద సొసైటీ, నెలనెలా జీతం, బంగళా ఉంటాయనుకుంటాం. విశాఖపట్నంలో 1805 నుంచీ పని చేస్తున్న లండన్ మిషన్ వాళ్ళకి అలాంటి సొసైటీ ఉండేది. 1841లో బందరు వచ్చి, తర్వాత రెండేళ్ళకి బడి పెట్టిన నోబుల్ దొరగారికి ఉండేది. అందులో తప్పేమీ లేదు, ఆ బడి ఎన్ని వందలమందికి చదువు చెప్పిందో మనకి తెలుసు. బౌడెన్‌కీ బీర్‌కీ మాత్రం జీతం లేదు. ఫలానా తేదీకి ఇంత పంపుతామని రాసిచ్చినవాళ్ళు లేరు. ఇంకా ముఖ్యమైన సంగతి, తమకు ఇంత కావాలని వాళ్ళు ఎవరినీ అడగకూడదు. అది ఎవరో పెట్టిన నిబంధన కాదు, వాళ్ళే పెట్టుకున్న నియమం. అవసరం వస్తే మోకాళ్ళ మీద దేవుడికి చెప్పుకోవాలి, మనుషులకి చెప్పకూడదు.

ఒక్కసారి ఆ రోజుల డెల్టాని ఊహించుకోండి. ఇప్పుడు మనం చూసే పచ్చదనం అప్పుడు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాలువలు లేవు. వాన వస్తే వరద, రాకపోతే కరువు. 1832, 33ల నందన కరువు అప్పటికింకా జనం కళ్ళలోనే ఉంది. 1839 నవంబరులో కోరంగిని ఉప్పెన ముంచింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో సుమారు లక్షా డెబ్బై ఏడు వేలమంది లేకుండా పోయిన జిల్లా అది. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు. అటువంటి చోటికి, తినడానికి రేపు ఉందో లేదో తెలియకుండా, భాష కొత్తగా నేర్చుకున్న నలుగురు వచ్చి కూర్చున్నారు.

వాళ్ళ నియమం గురించి చదివినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. అప్పటికి సూయెజ్ కాలువ లేదు, అది తెరిచింది 1869లో. ఆఫ్రికా కొస చుట్టి వచ్చే ఓడకి నాలుగైదు నెలలు పట్టేది. నరసాపురంలో ఈ రోజు బియ్యం అయిపోయాయని బార్న్‌స్టపుల్‌కి ఉత్తరం రాస్తే, జవాబు వచ్చేసరికి నెలలకి నెలలు. అంటే మనుషుల మీద ఆధారపడదామన్నా ఆ మనుషులు అందేంత దగ్గరలో లేరు. చాలామందికి జీవితంలో ఏదో ఒక రోజు ఆ పరిస్థితి వస్తుంది. అయినవాళ్ళు పక్క గదిలోనే ఉన్నా, మన బాధ వాళ్ళకి చేరి, అర్థమై, జవాబు వచ్చేసరికి మన అవసరం దాటిపోతుంది. ఆ మధ్యకాలం ఎలా గడవాలన్నదే అసలు ప్రశ్న. నరసాపురం దంపతులు ఆ మధ్యకాలాన్ని దేవుడితో గడపడం నేర్చుకున్నారు.

ఈ నియమం వాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందంటే, వాళ్ళని వెంటబెట్టుకుని ఆ ఓడలో వచ్చిన ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ నుంచి. ఎక్సెటర్ పట్నంలో ఈయన పేరున్న పంటివైద్యుడు. మంచి రాబడి. 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, విశ్వాసి రేపటి కోసం కూడబెట్టుకోవడం మానాలన్నాడు. రాసి ఊరుకోలేదు, వృత్తి వదిలేశాడు. మిషనరీ అర్హత కోసం డబ్లిన్ వెళ్ళివస్తూ చదువుతుండగా 1827లో ఇంట్లో దొంగలు పడ్డారు. డబ్లిన్ ప్రయాణానికి తీసిపెట్టుకున్న 40 పౌన్లు పోయాయి, పన్ను కట్టాల్సిన 16 పౌన్లు మాత్రం అలాగే ఉన్నాయి. మనమైతే పోయిన నలభై గురించి ఏడుస్తాం. ఆయన ఆ మిగిలిన పదహారు చూసి, బాకీ తీర్చే సొమ్ము దక్కింది, ప్రయాణం వద్దని దేవుడు చెప్తున్నాడు అనుకుని ఆ చదువే ఆపేశాడు. 1836లో మద్రాసు వచ్చిన ఆ ఓడలోనే గ్రోవ్స్ కొడుకులకి చదువు చెప్పడానికి హెర్మన్ గుండర్ట్ అనే జర్మన్ యువకుడు కూడా వచ్చాడు. తర్వాత ఆయన మలయాళానికి వ్యాకరణం, నిఘంటువు రాసి కేరళలో చిరస్మరణీయుడయ్యాడు. ఒక్క ఓడ మన దక్షిణాదికి ఎంతమందిని దింపిందో చూడండి.

గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్ళాడినవాడు జార్జి ముల్లర్. ఈ పేరు మన క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది వినే ఉంటారు. ప్రష్యాలో పుట్టి ఇంగ్లండు చేరిన ఈయన, 1830లో సంఘం ఇచ్చే నికరమైన జీతం వద్దన్నాడు. బౌడెన్, బీర్ ఓడెక్కిన 1836లోనే బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచాడు. 1870 నాటికి అది అయిదు పెద్ద భవనాలయింది, రెండువేలమందికి పైగా పిల్లలు ఉండే చోటు. చందాల కోసం ఒక్క గుమ్మం ఎక్కలేదు. 1841 డిసెంబరులో చేతిలో చిల్లిగవ్వ లేని పరిస్థితి వచ్చింది. సరిగ్గా అది ఏటా సభ పెట్టి లెక్కలు చదివి వినిపించే సమయం. అప్పుడు సభ పెడితే చాలు, విన్నవాళ్ళు జాలిపడి ఇచ్చేవాళ్ళు. ఆయన ఆ సభని కొన్ని నెలలు వాయిదా వేశాడు. లేమిలో ఉన్నప్పుడు లెక్కలు చదవడం చేయి చాచినట్టే అవుతుందని ఆయన అభిప్రాయం. దేవుడి మీద ఆధారపడుతున్నానని చెప్తూ ఓరకంట మనుషుల జేబులవైపు చూడటం ఎంత సులువో ఆయనకి తెలుసు. ఆ సులువుని తనకి తానే మూసేసుకున్నాడు. ఇంత నిజాయితీ నేను ఎక్కువమందిలో చూడలేదు.

మరి ఇక్కడొక మాట అడగాలి. ముల్లర్‌కి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఆకాశం నుంచి పడలేదు కదా. ఎవరో ఒక కుట్టుపని చేసే ఆవిడ, ఎవరో ఒక వ్యాపారి, ఎవరో పేరు చెప్పని మనిషి తెచ్చి ఇచ్చారు. నరసాపురానికీ అంతే. మనుషుల చేతుల మీదుగానే వచ్చింది. అలాంటప్పుడు దేవుడిని నమ్మడానికీ మనుషుల్ని నమ్మడానికీ తేడా ఏముంది?

ఉంది. ఆ తేడా వచ్చిన డబ్బులో లేదు, ఎదురుచూసే మనసులో ఉంది. మనం ఆప్తుల మీద పెట్టుకునే ఆశ చాలావరకు వాళ్ళు సంతకం చేయని ప్రామిసరీ నోటు. కొడుకు పుట్టినప్పుడే రాసేస్తాం, ముసలితనంలో వడ్డీతో సహా చెల్లించాలని. స్నేహితుడికి ఒక మేలు చేసిన రోజే రాసేస్తాం. వాళ్ళకి ఆ నోటు చూపించం, గడువు చెప్పం. గడువు దాటిన రోజున మాత్రం మోసపోయామని గుండెలు బాదుకుంటాం. బౌడెన్‌లూ బీర్‌లూ ఎవరి పేరునా ఇలాంటి నోటు రాసుకోలేదు. అందుకని బార్న్‌స్టపుల్ నుంచి ఏమీ రాని నెలల్లో వాళ్ళకి బార్న్‌స్టపుల్ మీద కోపం రావలసిన పని లేదు. ఏదైనా వచ్చిన నెలలో, అది హక్కుగా వచ్చిన బాకీ కాదు కాబట్టి, కళ్ళకద్దుకోగలిగారు. పంపినవాళ్ళతో బంధం చెడలేదు. దేవుడిని ఆధారం చేసుకున్నవాడికి మనుషుల్ని ప్రేమించడం తేలిక అవుతుందని నేను నమ్మేది ఇందుకే. వాళ్ళనుంచి వసూలు చేయవలసింది ఏమీ ఉండదు గనక.

అయితే ఇక్కడితో ఆపేస్తే నేను మీకు సగమే చెప్పినట్టు. దేవుడిని నమ్ముకున్నవాళ్ళకి అన్నీ సమకూరాయి, మీరూ నమ్మండి, మీకూ సమకూరుతాయి అని చెప్పేవాళ్ళు టీవీల్లో చాలామంది ఉన్నారు. ఇంత కానుక వేయండి, ఇంతకింత వస్తుందని లెక్క కట్టి చెప్తారు. ఆ మాట నమ్మి మెడలో ఉన్నది తీసిచ్చిన పేదవాళ్ళున్నారు. నాకు అది మహాపాపంగా కనిపిస్తుంది. గ్రోవ్స్ జీవితం ఆ లెక్కకి జవాబు.

ఇండియా రాకముందు గ్రోవ్స్ కుటుంబంతో బాగ్దాదులో ఉన్నాడు. 1831 వసంతంలో ఆ నగరంలో ప్లేగు వచ్చింది. వెంటనే టైగ్రిస్ నది పొంగి ఇళ్ళు కూలాయి. వీధికి వీధి ఖాళీ అయింది. ప్లేగు తగ్గుముఖం పడుతోంది, మన ఇల్లు దాటిపోయిందని అనుకుంటున్న సమయంలో, మే నెలలో, ఆయన భార్య మేరీ జబ్బుపడి కొద్ది రోజుల్లోనే చనిపోయింది. ఆ తర్వాత చంటిపాప కూడా పోయింది. ఆయన దినచర్య అచ్చయింది. అందులో ఆయన దేవుడిని ఎంత గాఢంగా నమ్మాడో, ఆ నమ్మకం ఎన్ని రోజులు చీకట్లో తడుములాడిందో రెండూ కనిపిస్తాయి. తర్వాత చిత్తూరులో పొలం తీసుకుని పట్టుపురుగులు పెంచబోయాడు, కలిసిరాలేదు. అప్పులు మీదపడ్డాయి. సొంత కాళ్ళ మీద నిలబడి సువార్త చెప్పాలన్న ఆయన ఆలోచన అక్కడ దెబ్బతింది. 1853లో, బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లో, తన జీవితం పెద్దగా ఫలించలేదనే భావనతోనే కన్నుమూశాడు. జార్జి బీర్ కూడా అదే ఏడు పోయాడు. 

కాబట్టి దేవుడి మీద ఆధారపడటం అంటే నష్టం రాదని హామీ తీసుకోవడం కాదు. అలా అనుకుంటే మనుషుల పేరున రాసిన నోటునే దేవుడి పేరున మార్చి రాసినట్టవుతుంది. అది కూడా ఒకనాడు చెల్లదు, అప్పుడు దేవుడి మీద అలుగుతాం. మన భద్రాచలం గోపన్నగారు అలిగారు కూడా. తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు మంత్రులు, ఆయనకి మేనమామలని చెప్తారు. అంతటి బంధువులు ఉండి కూడా గోల్కొండ చెర తప్పలేదు. అక్కడ కూర్చుని ఆయన రాముడిని వేడుకున్నాడు, లెక్కలు చెప్పాడు, నిష్ఠూరాలాడాడు. ఆ నిష్ఠూరంలో నాకు గొప్పగా కనిపించేది ఒకటే, ఆయన తలుపు మార్చలేదు. కోపం వచ్చినా ఆ కోపం రాముడి గుమ్మంలోనే పారబోశాడు. బాగ్దాదులో గ్రోవ్స్ చేసిందీ అదే. ఏమీ దొరకనప్పుడు కూడా వదలకుండా మాట్లాడుతూ ఉండటం. మతాలు వేరు, దైవాన్ని పిలిచిన పేర్లు వేరు, దెబ్బతిన్న మనసు చేసిన పని ఒక్కటే.

మళ్ళీ డెల్టాకి వద్దాం. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది, 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు భాగాల కట్టడం మీదకి వేలమంది కూలీలు వచ్చారు. మన్ను మోసినవాళ్ళు, రాయి మోసినవాళ్ళు, ఎక్కువమంది మాలపల్లెలనుంచీ మాదిగపల్లెలనుంచీ వచ్చినవాళ్ళు. బౌడెన్ ఆ కూలీల మధ్యకి వెళ్ళాడు. ఒకప్పుడు తనూ రాయి కొట్టినవాడే. ఊళ్ళో పెద్దలెవరూ వాళ్ళని మనుషులుగా లెక్కపెట్టని రోజులవి. పై కులాలవాళ్ళు తమ మాట వింటారేమోనని ఏళ్ళతరబడి ఎదురుచూసిన మిషనరీలకి, అనుకోని చోట వినేవాళ్ళు దొరికారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఈ రోజు కనిపించే సంఘాలకి అక్కడి విత్తనాలున్నాయి. బౌడెన్ దాదాపు నలభై ఏళ్ళు తెలుగు నేలమీదే గడిపాడు. తర్వాతి తరం బౌడెన్‌లూ బీర్‌లూ ఇక్కడే పని చేశారు.

ఇంతవరకు తీసుకునేవాళ్ళ వైపునుంచి చెప్పాను. ఇచ్చేవాళ్ళ వైపునుంచి చూడాలంటే, గోదారి దాటి కోనసీమలో లంకల గన్నవరం వెళ్ళాలి. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, జోగన్నగారి భార్యగా ఆ లంకగ్రామానికి వచ్చారు. పాయలు దాటి రాకపోకలు చేసే బాటసారులకి ఆ ఇల్లే ఆధారం. వేళాపాళా లేదు, కులం అడిగేది లేదు, అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసేవారు. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వస్తే ఆవిడ వెళ్ళలేదని, పిలిచినవాళ్ళు ఆవిడ ఫోటోతో సరిపెట్టుకున్నారని అంటారు. ఆవిడ గురించి మా ప్రాంతంలో అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఎన్నాళ్ళనుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆవిడ కోరిక. ఇంట్లో వచ్చేపోయేవాళ్ళతో తీరిక దొరికేది కాదు. చివరికి ఒకనాడు పల్లకిలో బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగితే, అటుగా పోతున్న పెళ్ళివారి మాటలు చెవినపడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారి ఇంటికి వెళ్తే అన్నం దొరుకుతుంది అని సముదాయిస్తున్నారు. ఆవిడ పల్లకిని వెనక్కి తిప్పించారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట చేసి పెట్టారు.

ఈ సంగతిని సీతమ్మగారి దాతృత్వానికి ఉదాహరణగా చెప్తారు. నేను ఆ పిల్లల తల్లిదండ్రుల వైపునుంచి కూడా చూస్తాను. వాళ్ళు ఎవరిని నమ్ముకుని నడుస్తున్నారో ఆ మనిషి ఆ సమయంలో ఇంట్లో లేదు. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. అలాగే నడిచి వెళ్ళి ఉంటే మూసిన తలుపు చూసి, ఆవిడ పేరుకే గొప్ప అనుకుని వెనుదిరిగేవాళ్ళు. వాళ్ళు అడగకముందే, ఒక మనిషి దేవుడి దర్శనానికి వెళ్తూ, దేవుడు ఇటువైపు ఉన్నాడని వెనక్కి తిరిగింది. మనకి అందే సాయం వెనక ఎక్కడో ఇలా ఒక పల్లకి తిరిగి ఉంటుంది, మనకి కనిపించదు. దేవుడు సమకూర్చాడు అని భక్తులు అనేది దాన్నే.

అయితే ఆ మాటని వేరేగా అర్థం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. మా వీధిలో లేసు అల్లే ఒక పెద్దావిడ ఉంది. నరసాపురం లేసు అంటే దేశదేశాలకీ వెళ్ళేది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అల్లిక చేసే ఆడవాళ్ళ చేతికి వచ్చేది మాత్రం చాలా తక్కువ. మధ్యవర్తి నూలు ఇచ్చి, అల్లినది తీసుకెళ్ళి, డబ్బు తర్వాత ఇస్తాడు. ఆవిడకి రెండు నెలల కూలి రావాలి.

"పిన్నిగారూ, మరి అడిగారా?" అన్నాను.

"అడిగేదేముందమ్మా, దేవుడే చూసుకుంటాడు" అంది.

"దేవుడు చూసుకుంటాడు పిన్నిగారూ, కానీ మీ కూలి మీరు అడగాలి. రేపు నేనూ వస్తాను, ఇద్దరం వెళ్దాం" అన్నాను. వెళ్ళాం. కొంత వచ్చింది, కొంత ఇంకా రావాలి.

ఈ తేడా గట్టిగా పట్టుకోవాలండి. చేసిన పనికి కూలి, కౌలు రైతుకి రావలసిన పరిహారం, తల్లిదండ్రుల పోషణ, భార్యకి ఉన్న హక్కు, ఇవి ఆశలు కావు, న్యాయాలు. న్యాయాన్ని అడగకుండా మౌనంగా ఉండమని ఏ దేవుడూ చెప్పలేదు. వృద్ధ తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టమే వచ్చింది, అవసరమైతే ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కడం విశ్వాసానికి విరుద్ధం కాదు. దేవుడికి అప్పగించవలసింది ఇంకొకటి. చట్టం తెచ్చివ్వలేనిది, కోర్టు జప్తు చేయలేనిది. కొడుకు ప్రేమగా మాట్లాడటం, తమ్ముడు కృతజ్ఞతగా ఉండటం, స్నేహితుడు మనల్ని అర్థం చేసుకోవడం. అడిగితే వచ్చేవి కావు ఇవి. అడిగిన కొద్దీ దూరం జరుగుతాయి. వీటికోసం మనిషి వెంటపడటం మాని, ఆ ఖాళీని దేవుడి ముందు పెట్టమని నా మనవి. ప్రార్థనలోనో, పారాయణలోనో, నమాజులోనో, గోదారి రేవులో నిలబడి ఒక్క దణ్ణం పెట్టుకుంటూనో, ఉన్నదున్నట్టు చెప్పుకోండి. మర్యాదగా చెప్పనక్కరలేదు, గోపన్నలా కోపంగా చెప్పినా పరవాలేదు.

మొదట్లో ఏమీ జరగనట్టు ఉంటుంది. కొన్నాళ్ళకి మీ మాటతీరులో మార్పు మీకే తెలుస్తుంది. కొడుకు ఫోన్ చేసినప్పుడు "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా" అనే మాట నాలుక చివరికి వచ్చి ఆగిపోతుంది. "తిన్నావా నాన్నా" అని అడుగుతారు. వాడు రెండు నిమిషాలకి పెట్టేసేవాడు కాస్తా పది నిమిషాలు మాట్లాడవచ్చు. మాట్లాడకపోవచ్చు కూడా. మాట్లాడకపోయినా ఆ రోజు మీరు కుంగిపోరు, ఎందుకంటే మీ రోజు వాడి ఫోన్ మీద ఆనుకుని లేదు.

మోసం దెబ్బ మరీ లోతుగా తగిలి, ఇంక బతకడం ఎందుకనిపించే స్థితిలో ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ప్రార్థన చేయండి, దాంతోపాటు 14416 నంబరుకి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే సేవ అది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఆ ఫోన్ ఎత్తే మనిషిని కూడా దేవుడే అక్కడ కూర్చోబెట్టాడనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడం, మందు వేసుకోవడం నమ్మకం తక్కువై చేసే పనులు కావు.

చివరిగా, ఆశాభంగం మీకు జరగలేదు, ఇల్లు వాకిలి సవ్యంగా ఉన్నాయనుకుంటే, మీతో కూడా నాకొక పని ఉంది. మీ వీధిలోనే ఎవరో ఒకరు ఈ వేళ దేవుడిని ఏదో అడిగి ఉంటారు. పిల్లలు దూరదేశంలో ఉండి ఒంటరిగా ఉన్న పెద్దాయన కావచ్చు, గల్ఫ్‌నుంచి ఖాళీ చేతులతో వచ్చిన ఆడపడుచు కావచ్చు, పంట పోయి మొహం చాటేస్తున్న కౌలు రైతు కావచ్చు. వాళ్ళు మిమ్మల్ని అడగరు. రేడియో కట్టేశాక ఒకసారి వాళ్ళ గుమ్మం వరకు వెళ్ళిరండి.